అదే అమ్మాయికి ఒలింపిక్స్‌లో 13, కాలేజీలో 9.975: జోర్డన్ చైల్స్ ఆడే రెండు ఆటలు

2024 ఆగస్టు 5 సాయంత్రం జియోసినిమాలో పారిస్ ఒలింపిక్స్ జిమ్నాస్టిక్స్ ఫ్లోర్ ఫైనల్ చూసినవాళ్లకి ఆ సీన్ గుర్తుండే ఉంటుంది. అందరికంటే చివర దిగిన అమెరికా అమ్మాయి జోర్డన్ చైల్స్‌కి 13.666 వచ్చింది, అంటే ఐదో స్థానం, ఇంక అయిపోయినట్టే. రొమేనియా అమ్మాయి ఆనా బర్బోసు 13.700తో కాంస్యం నాదే అని జెండా పట్టుకుని గంతులేస్తోంది. అంతలో బోర్డు మీద చైల్స్ స్కోరు మారి 13.766 అయ్యింది. ఇటు చైల్స్ నమ్మలేక అరుస్తూ ఏడుస్తోంది, అటు బర్బోసు చేతిలో జెండా జారి కిందపడింది. ఆ తర్వాత పోడియం మీద బంగారం గెలిచిన బ్రెజిల్ అమ్మాయి రెబెకా ఆండ్రేడ్‌కి చైల్స్, సిమోన్ బైల్స్ ఇద్దరూ రెండు వైపుల నుంచి వంగి దండం పెట్టినట్టు నిలబడ్డ ఫొటో, అది ప్రపంచమంతా తిరిగింది.

ఐదు రోజుల తర్వాత ఆ కాంస్యం నీది కాదు పొమ్మన్నారు. కారణం నాలుగు సెకన్లు. స్కోరు మీద అభ్యంతరం చెప్పడానికి ఆమె కోచ్‌కి ఒక్క నిమిషం టైమ్ ఉంది, ఒక నిమిషం నాలుగు సెకన్లకి చెప్పింది అన్నారు. మన దగ్గర ఎంసెట్ సెంటర్ గేటు దగ్గర "నిమిషం నిబంధన" అంటూ పిల్లల్ని వెనక్కి పంపేస్తారు చూడండి, అచ్చం అలాగే, కాకపోతే ఇక్కడ ఆలస్యమైంది పరీక్ష రాసిన పిల్ల కాదు, ఆ పిల్ల వెంట వచ్చిన పెద్దావిడ.

ఈ గొడవ గురించి అప్పట్లో అందరూ మాట్లాడారు. దాని వెనకున్న అసలు విషయం గురించి మాత్రం తెలుగులో ఎవరూ పెద్దగా రాసినట్టు నాకు కనబడలేదు. ఎందుకంటే ఇదే చైల్స్ ఎనిమిది నెలల తర్వాత, 2025 ఏప్రిల్‌లో, యూసీఎల్‌ఏ యూనివర్సిటీ స్టూడెంట్‌గా అమెరికా కాలేజీ నేషనల్స్‌లో దిగి అన్‌ఈవెన్ బార్స్ (ఒకటి ఎత్తులో, ఒకటి కింద ఉండే రెండు కడ్డీలు) మీద 9.975 తెచ్చుకుని టైటిల్ కొట్టింది. ఒలింపిక్ మెడలిస్ట్ మళ్లీ కాలేజీలో ఆడడం ఏంటి, అక్కడ 13 వచ్చిన మనిషికి ఇక్కడ 10కి 9.975 రావడం ఏంటి, ఇది కింది స్థాయి ఆటా పై స్థాయి ఆటా, ఈ ప్రశ్నలన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి, చైల్స్ కెరీర్‌ని పట్టుకుని లాగితే ముడి తేలిగ్గా విడిపోతుంది అని నాకనిపిస్తుంది.

ముందు మనిషి గురించి రెండు ముక్కలు. 2001 ఏప్రిల్‌లో పుట్టింది, బాస్కెట్‌బాల్ దిగ్గజం మైకేల్ జోర్డన్ పేరే పెట్టారు. పెరిగింది వాషింగ్టన్ రాష్ట్రంలోని వాంకూవర్‌లో, కెనడా వాంకూవర్ కాదు, ఇది వేరే ఊరు. 2017లో అమెరికా జాతీయ పోటీల్లో ఆల్‌రౌండ్‌లో, అంటే అన్ని ఐటమ్‌లూ కలిపి లెక్కేసే పోటీలో, రెండో స్థానం వచ్చింది, అయినా ఆ ఏడాది ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి పంపలేదు. తర్వాత ఏడాదీ అంతే. చిన్నప్పటి కోచింగ్‌లో తను పడిన మాటలు, తిండి మీద, ఒంటి మీద వేసిన ముద్రలు, ఇవన్నీ తనే తర్వాత బయట చెప్పుకుంది, ఒక దశలో ఆటే వదిలేద్దామనుకుందట. 2019లో సిమోన్ బైల్స్ రమ్మంటే సామాన్లు సర్దుకుని టెక్సాస్ వెళ్లిపోయింది, బైల్స్ ప్రాక్టీస్ చేసే జిమ్‌లోనే సిసిల్ లాండి, లారెంట్ లాండి అనే భార్యాభర్తల దగ్గర ట్రైనింగ్ మొదలుపెట్టింది. రెండేళ్లలో టోక్యో ఒలింపిక్స్ జట్టులోకి వచ్చేసింది.

2021 జూలై 27న టోక్యో టీమ్ ఫైనల్. వాల్ట్ (పరుగెత్తుకొచ్చి బల్ల మీంచి దూకే ఐటమ్) అవ్వగానే బైల్స్ నావల్ల కాదని తప్పుకుంది, గాల్లో తను ఎక్కడుందో తనకే తెలియని పరిస్థితి, అలాంటప్పుడు ఆడితే మెడ విరుగుతుంది, ఆ నిర్ణయం సరైనదేనని నా అభిప్రాయం. కానీ బార్స్, బీమ్ (సన్నటి దూలం) మీద బైల్స్ బదులు అప్పటికప్పుడు ఎక్కాల్సింది చైల్స్. ఆ రోజు తన ప్లాన్‌లో అవి లేవు. ఎక్కింది, పడకుండా దిగింది, జట్టుకి రజతం వచ్చింది. టీమ్ ఫైనల్లో ఒక్కో ఐటమ్‌కి ముగ్గురే ఆడతారు, ముగ్గురి స్కోర్లూ లెక్కలోకి వస్తాయి, ఒకరిది తీసేయడం ఉండదు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, కాలేజీ ఆట దగ్గరికి వచ్చినప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు స్కోర్ల సంగతి. జిమ్నాస్టిక్స్ అంటే మనలో చాలామందికి ఇప్పటికీ గుర్తొచ్చేది "పర్ఫెక్ట్ టెన్". 1976 మాంట్రియల్‌లో పద్నాలుగేళ్ల రొమేనియా పిల్ల నాడియా కొమనేచి పదికి పది తెచ్చుకుంటే, స్కోరుబోర్డుకి 10 చూపించడం చేతగాక 1.00 అని చూపించింది, ఆ కథ స్కూల్లో జీకే పుస్తకాల్లో కూడా ఉండేది. కానీ అంతర్జాతీయ పోటీల్లో ఆ పది 2006లోనే పోయింది. పోవడానికి కారణం చాలావరకు ఒక గొడవే, అది కూడా ఒలింపిక్ మెడల్ గొడవే, అది కూడా 0.1 మార్కు గొడవే. 2004 ఏథెన్స్‌లో మగవాళ్ల ఆల్‌రౌండ్‌లో అమెరికా కుర్రాడు పాల్ హామ్‌కి బంగారం వచ్చింది. కొరియా ఆటగాడు యాంగ్ తే-యంగ్ ప్యారలల్ బార్స్ ఎక్సర్‌సైజ్‌కి జడ్జిలు పొరపాటున 10.0 బదులు 9.9 నుంచి లెక్క మొదలుపెట్టారు. అతను బంగారానికి వెనకబడింది 0.049 తేడాతో. అంటే ఆ పదో వంతు కలిపితే బంగారం అతనిదే. తప్పు జరిగిందని అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ ఫెడరేషన్ కూడా ఒప్పుకుంది, జడ్జిల్ని సస్పెండ్ చేసింది, కానీ క్రీడల కోర్టు క్యాస్ ఏమందంటే, మీరు అభ్యంతరం టైమ్‌కి చెప్పలేదు కాబట్టి ఫలితం మార్చం అంది. హామ్ మెడల్ హామ్ దగ్గరే ఉంది.

ఇది చదివి చైల్స్ కేసు గుర్తు తెచ్చుకుంటే తిక్కగా ఉంటుంది. ఇరవై ఏళ్ల తేడా, అదే క్యాస్, అదే 0.1, అదే "టైమ్ దాటింది" అన్న వాదన. అప్పుడు ఆ వాదన అమెరికా ఆటగాడి మెడల్ కాపాడింది, ఇప్పుడు అదే వాదన అమెరికా అమ్మాయి మెడల్ తీసేసింది. కోర్టు రెండుసార్లూ మాట మార్చలేదు అని చెప్పుకోవచ్చు. రెండుసార్లూ మ్యాట్ మీద నిజంగా ఏం జరిగింది అన్న ప్రశ్న పక్కకే పోయింది అని కూడా చెప్పుకోవచ్చు.

సరే, ఆ గొడవ తర్వాత తెచ్చిన పద్ధతిలో మార్కులు రెండు ముక్కలు. ఒకటి డీ స్కోరు, అంటే నువ్వు ఎంత కష్టమైన పని చేశావు అన్నది. నువ్వు చేసిన స్కిల్స్‌లో కష్టమైన ఎనిమిదింటిని తీసుకుంటారు, ఒక్కోదానికి అక్షరం ఉంటుంది, ఏ అంటే 0.1, బీ అంటే 0.2, అలా పైకి పోతుంది. వాటితోపాటు తప్పనిసరి అంశాలకి 2 పాయింట్ల వరకు, రెండు స్కిల్స్ ఆపకుండా కలిపి చేస్తే బోనస్. దీనికి పైన లిమిట్ లేదు. వాల్ట్ సంగతి వేరు, అక్కడ ఒక్కో దూకుడికి ముందే రేటు కట్టి ఉంటుంది. రెండోది ఈ (ఇంగ్లిష్ E) స్కోరు, ఎంత శుభ్రంగా చేశావు అన్నది, ఇది 10తో మొదలై కింద పడుతుంది, చిన్న తప్పుకి 0.1, ఇంకాస్త పెద్దదానికి 0.3, అంతకంటే పెద్దదానికి 0.5, కిందపడితే ఏకంగా 1.0. రెండూ కలిపితే మొత్తం. అందుకే 13, 14 అనే అంకెలు. బయటినుంచి చూసేవాడికి 13.766 మంచిదా చెడ్డదా అర్థం కాదు, ఈ పద్ధతి మీద జనానికి ఉన్న పెద్ద కంప్లైంట్ కూడా అదే.

కాలేజీ ఆటలో మాత్రం ఇంకా పదే. ఎన్‌సీఏఏ అనే సంస్థ నడిపే ఈ పోటీల్లో అమ్మాయి చేయాల్సిన కష్టానికి ఒక గీత గీసి ఉంటుంది, ఆ గీత అందుకుంటే నీ ఎక్సర్‌సైజ్ 10 నుంచి మొదలవుతుంది, గీత దాటి ఎంత ఎక్కువ కష్టమైనది చేసినా అదనంగా ఒక్క పైసా రాదు. ఇంక అక్కడినుంచి ఆట అంతా కోతల మీదే, ల్యాండింగ్‌లో అడుగు కొంచెం కదిలితే 0.05, పాదం ముడుచుకుంటే 0.05, అలా. చైల్స్ 9.975 ఆ లెక్కలోంచి వచ్చిందే.

మన భాషలో చెప్పాలంటే ఎలీట్, అంటే ఒలింపిక్స్ లాంటి అంతర్జాతీయ స్థాయి ఆట, జేఈఈ అడ్వాన్స్‌డ్, కాలేజీ అంటే టెన్త్‌లో టెన్ బై టెన్ జీపీఏ. ఇలా అనగానే కాలేజీది చిన్న విషయం అని అర్థం చేసుకునేరు, కాదు. జేఈఈలో రెండు లెక్కలు వదిలేసినా మంచి ర్యాంకు రావచ్చు, టెన్ బై టెన్‌కి ఎక్కడా జారకూడదు, అది వేరే రకం టెన్షన్. ఎలీట్‌లో ఫ్లోర్ మీద నాలుగు టంబ్లింగ్ పాస్‌లు వేసే అమ్మాయి కాలేజీకొచ్చి రెండో మూడో వేస్తుంది, కానీ ఆ రెండూ ల్యాండ్ అయినప్పుడు కాలు మేకు కొట్టినట్టు నిలబడాలి. పైగా ఎలీట్ అమ్మాయి ఏడాదికి నాలుగైదు పెద్ద పోటీల కోసం ఒంటిని సిద్ధం చేసుకుంటుంది, కాలేజీ అమ్మాయి జనవరి నుంచి ఏప్రిల్ దాకా దాదాపు ప్రతి వారాంతం ఆడుతుంది, మధ్యలో క్లాసులు, పరీక్షలు. రూల్ ప్రకారం వారానికి 20 గంటలకి మించి ట్రైనింగ్ చేయించకూడదు. ఎలీట్ జిమ్‌లో 30 దాటడం మామూలే.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న పాయింట్ ఇక్కడ. కాలేజీ జట్టులో ఒక్కో ఐటమ్‌కి ఆరుగురు ఎక్కుతారు, ఐదు స్కోర్లే లెక్కిస్తారు, ఒకరు పడిపోతే ఆ స్కోరు పక్కన పడేయొచ్చు. అంటే 24 ఎక్సర్‌సైజుల్లో 20 లెక్కలోకి వస్తాయి, అందుకే జట్టు స్కోర్లు 197, 198 అలా కనిపిస్తాయి. చిన్న రూల్‌లా ఉంది కానీ మనిషి మీద దీని ప్రభావం చాలా పెద్దది. టోక్యోలో చైల్స్ బీమ్ ఎక్కినప్పుడు తన పాదం జారితే దేశం మొత్తం జారినట్టే. కాలేజీలో తన పాదం జారితే వెనకాల ఐదుగురు ఉన్నారు. మ్యాట్ పక్కన నిలబడి అరుస్తూ, ఫ్లోర్ డాన్స్ స్టెప్పులు వాళ్లూ వేస్తూ ఉంటారు, ఆ వీడియోలు చూస్తే తెలుస్తుంది, అది పోటీ కంటే పెళ్లి సంగీత్‌కి దగ్గరగా ఉంటుంది. ఎలీట్ హాల్లో ఒకప్పుడు పిన్ను పడితే వినబడే నిశ్శబ్దం. యూటా యూనివర్సిటీ హోమ్ మీట్‌కి పదివేల మంది పైన జనం వస్తారు, జిమ్నాస్టిక్స్‌కి, నాలుగేళ్లకోసారి కాదు, మామూలు శుక్రవారం రాత్రి.

చైల్స్ కెరీర్‌లో నాకు బాగా ఆసక్తిగా అనిపించేది ఇదే. పాత లెక్క ప్రకారం కాలేజీ అంటే రిటైర్మెంట్ హోమ్. పదహారు పదిహేడేళ్లకి ఒలింపిక్స్, ఆ తర్వాత మోకాళ్లు పోయాక కాలేజీలో స్కాలర్‌షిప్ మీద నాలుగేళ్లు సరదాగా ఆడుకుని డిగ్రీ తీసుకోవడం. చైల్స్ టోక్యో అయ్యాక 2021లో యూసీఎల్‌ఏలో చేరింది, 2022 జనవరి నుంచి కాలేజీ సీజన్ ఆడింది, అదే ఏడాది శరదృతువులో లివర్‌పూల్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌కి వెళ్లింది. తన జీవితంలో మొట్టమొదటి ప్రపంచ ఛాంపియన్‌షిప్, కాలేజీకి ముందు ఎప్పుడూ పిలవనిది. జట్టు బంగారం, వాల్ట్‌లో రజతం, ఫ్లోర్‌లో రజతం తెచ్చుకుంది. 2023లో మళ్లీ కాలేజీ, బార్స్ మీద, ఫ్లోర్ మీద నేషనల్ టైటిల్స్. 2024లో కాలేజీకి సెలవు పెట్టి పారిస్ ట్రైనింగ్, జట్టు బంగారం. 2025లో మళ్లీ కాలేజీ, బార్స్ టైటిల్, జట్టు ఓక్లహోమా తర్వాత రెండో స్థానం. అంటే కాలేజీ చివరి స్టేషన్ కాదు, అటూ ఇటూ తిరిగే జంక్షన్, విజయవాడ లాగ. ఒక్క చైల్సే కాదు, టోక్యో ఆల్‌రౌండ్ ఛాంపియన్ సునీ లీ ఆబర్న్ యూనివర్సిటీకి, జేడ్ కేరీ ఒరెగాన్ స్టేట్‌కి వెళ్లారు, ముగ్గురూ మళ్లీ పారిస్ జట్టులో కలిశారు. ఆ జట్టులో బైల్స్‌కి 27, చైల్స్‌కి 23. పదహారేళ్ల పిల్లలాట అన్న మాట ఇంక చెల్లదు.

ఇది ఎందుకు సాధ్యమైందంటే డబ్బు. ఇక్కడ కొంచెం ఓపిక పట్టి చదవండి, అసలు మలుపు ఇదే.

2021 జూలై 1 ముందు వరకు ఎన్‌సీఏఏ రూల్ ఏంటంటే, కాలేజీలో ఆడేవాళ్లు తమ పేరుతో, ముఖంతో ఒక్క డాలర్ సంపాదించకూడదు. షూ కంపెనీ యాడ్ చేస్తే కాలేజీ ఆట బంద్. కానీ జిమ్నాస్ట్ జీవితంలో యాడ్‌లు వచ్చేది ఎప్పుడు, ఒలింపిక్స్ అయిన ఆ కొన్ని నెలలే. అంటే పద్దెనిమిదేళ్ల పిల్ల, వాళ్ల అమ్మానాన్నలు కూర్చుని లెక్కలు వేసుకోవాలి, ఇప్పుడు డబ్బు తీసుకోవాలా, నాలుగేళ్ల కాలేజీ తీసుకోవాలా, రెండూ కుదరవు. సిమోన్ బైల్స్ యూసీఎల్‌ఏకి వస్తానని మాటిచ్చి, 2015లో ప్రొఫెషనల్ అయిపోయి ఆ మాట వెనక్కి తీసుకుంది. అంటే 2016 రియో ఒలింపిక్స్‌కి ఏడాది ముందే నిర్ణయించుకోవాల్సి వచ్చింది, బంగారాలు వస్తాయో లేదో తెలియకుండానే. అటువైపు రియోలో జట్టు బంగారం, బార్స్ రజతం గెలిచిన మ్యాడిసన్ కోషియన్, లండన్‌లో జట్టు బంగారం గెలిచిన కైలా రాస్, వీళ్లు డబ్బు వదులుకుని యూసీఎల్‌ఏకి వెళ్లారు.

అన్నిటికంటే మండేది కేట్లిన్ ఒహాషి కథ. 2013లో అమెరికన్ కప్‌లో బైల్స్‌ని వెనక్కి నెట్టి గెలిచిన పిల్ల ఒహాషి, తర్వాత గాయాలతో ఎలీట్ వదిలేసి యూసీఎల్‌ఏకి వచ్చింది. 2019 జనవరిలో తను చేసిన ఒక ఫ్లోర్ ఎక్సర్‌సైజ్ వీడియో కోట్ల మంది చూశారు, మీ వాట్సాప్‌కి కూడా వచ్చే ఉంటుంది, నవ్వుతూ డాన్స్ చేస్తూ పర్ఫెక్ట్ టెన్ కొట్టిన అమ్మాయి, అదే. ఆ వీడియోతో అందరికీ ఏదో ఒకటి దక్కింది, ఆ అమ్మాయికి తప్ప. రూల్ ఒప్పుకోదు. అదే ఏడాది సెప్టెంబర్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వం ఆటగాళ్లు సంపాదించుకోవచ్చని చట్టం చేసింది, ఒహాషి బాహాటంగా ఆ చట్టం పక్కన నిలబడింది, అప్పటికి తన కాలేజీ అయిపోయింది. 2021 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జిలూ ఏకమై వేరే కేసులో ఎన్‌సీఏఏకి గట్టిగా మొట్టికాయ వేసింది, పది రోజుల్లో ఎన్‌సీఏఏ దిగొచ్చింది. పేరు, రూపం, గుర్తింపు మీద సంపాదించుకోండి అంది, దీన్నే ఎన్‌ఐఎల్ అంటారు.

ఇప్పుడు తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. రూల్ మారింది జూలై 1. టోక్యో టీమ్ ఫైనల్ జూలై 27. మధ్యలో 26 రోజులు. చైల్స్ మెడలో రజతం పడేటప్పటికి తను డబ్బా, కాలేజీయా అని ఎంచుకోవాల్సిన అవసరమే పోయింది. టోక్యో కరోనా వల్ల ఏడాది వాయిదా పడి ఉండకపోతే 2020లోనే అదే తలనొప్పి తనకీ ఉండేది. ఇంత పెద్ద కెరీర్‌లో ఆ 26 రోజుల గురించి ఎవరూ మాట్లాడరు, ఆ నాలుగు సెకన్ల గురించే మాట్లాడతారు.

అన్నీ బాగున్నాయని కాదు. ఎన్‌ఐఎల్ డబ్బు ఎవరి దగ్గరికి పోతుందంటే ఇన్‌స్టాలో, టిక్‌టాక్‌లో జనం ఉన్నవాళ్ల దగ్గరికి. ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) అమ్మాయి ఒలీవియా డన్ ఒలింపిక్స్ ముఖం చూడకుండానే కాలేజీ ఆటల్లో బాగా సంపాదించినవాళ్లలో ఒకరైంది, తప్పు తనది కాదు, మార్కెట్ అలాంటిది, కానీ బీమ్ మీద 9.95 తెచ్చే మామూలు అమ్మాయికి దక్కేది చాలాసార్లు ఫ్రీ లియోటార్డు, ఒక లోకల్ హోటల్ కూపన్. 2025 నుంచి యూనివర్సిటీలే నేరుగా ఆటగాళ్లకి డబ్బు ఇవ్వొచ్చు, మొదటి ఏడాది, 2025-26లో, ఒక్కో యూనివర్సిటీకి దాదాపు 2.05 కోట్ల డాలర్ల వరకు. అందులో సింహభాగం అమెరికన్ ఫుట్‌బాల్‌కి, మగవాళ్ల బాస్కెట్‌బాల్‌కే పోతుంది. ఆడపిల్లల జిమ్నాస్టిక్స్ వాటా ఎంత ఉంటుందో ఊహించుకోండి, పెళ్లి భోజనాల్లో చివరి బంతికి మిగిలిన పూర్ణాల్లాగే.

మళ్లీ పారిస్‌కి వద్దాం, ఇప్పుడు ఆ నాలుగు సెకన్లు ఇంకా బాగా అర్థమవుతాయి. చైల్స్ ఎక్సర్‌సైజులో గాల్లో తిరిగే ఒక లీప్‌కి జడ్జిలు పూర్తి విలువ ఇవ్వలేదు, డీ స్కోరు 5.8 అన్నారు. కోచ్ సిసిల్ లాండి ఎంక్వైరీ, అంటే స్కోరు మళ్లీ చూడమన్న అభ్యంతరం, వేసింది, జడ్జిలు వీడియో మళ్లీ చూసి నిజమే అని 5.9 చేశారు. అంటే 13.766 అనేది జాలి మార్కు కాదు, దిద్దిన మార్కు. మామూలుగా ఎంక్వైరీ తర్వాతి అమ్మాయి స్కోరు పడేలోపు వేయాలి, చివర ఆడినవాళ్లకి తర్వాతి అమ్మాయి ఉండదు కాబట్టి ఒక్క నిమిషం. చైల్స్ చివర ఆడింది. ఆ రోజు ఆ నిమిషాన్ని అక్కడికక్కడే చూసి, టైమ్ అయిపోయింది అని చెప్పే మనిషిని ఫెడరేషన్ పెట్టలేదు. ఎంక్వైరీ తీసుకున్నారు, సరిదిద్దారు, మెడల్ వేశారు. రొమేనియా క్యాస్‌కి వెళ్లాక అధికారిక టైమింగ్ రికార్డు చూస్తే 1 నిమిషం 4 సెకన్లు.

రొమేనియా అడిగినవాటిలో ఒకటి ఏంటంటే ముగ్గురికీ కాంస్యం ఇవ్వండి అని, అది నాకు చాలా మర్యాదగల కోరిక అనిపించింది, ఎందుకంటే వాళ్ల ఇంకో అమ్మాయి సబ్రీనా మనేకా-వోయినియాకి కూడా అన్యాయం జరిగింది. గీత దాటావు అని 0.1 కోశారు, వీడియోలో చూస్తే మడమ గీత అవతల ఆనినట్టు లేదు. ఆ కోత లేకపోతే తనకి 13.800, అప్పుడు అసలు ఈ గొడవే లేదు, కాంస్యం తనదే. కానీ తన తరఫున ఆ కోత మీద టైమ్‌కి ఎవరూ ఎంక్వైరీ వేయలేదు. క్యాస్ ఆ వాదన కొట్టేసింది. 13.700 దగ్గర ఇద్దరూ సమానమైనా బర్బోసుకి ఈ (E) స్కోరు ఎక్కువ కాబట్టి బర్బోసు ముందు. చివరికి ఆగస్టు 10న చైల్స్ స్కోరు మళ్లీ 13.666 చేశారు, మర్నాడు ఒలింపిక్ కమిటీ మెడల్ బర్బోసుకి ఇస్తున్నాం అంది, 16న బుకారెస్ట్‌లో ఇచ్చేశారు.

అమెరికా వాళ్లేమో మాకు కేసు కాగితాలే సరిగ్గా అందలేదు అన్నారు, అది నిజమే, క్యాస్ తప్పుడు ఈమెయిల్ అడ్రస్‌లకి పంపింది, వీళ్లకి తెలిసేసరికి విచారణకి ఒక్కరోజు మిగిలింది. తర్వాత ఒక వీడియో దొరికింది, అందులో లాండి 47 సెకన్లకే ఎంక్వైరీ అని మొదటిసారి అడిగినట్టు, 55 సెకన్లకి రెండోసారి అడిగినట్టు ఉందని అమెరికా జిమ్నాస్టిక్స్ సంఘం చెప్పింది. తీర్పు ఇచ్చాక కొత్త సాక్ష్యం చూడం అంది క్యాస్. పైగా తీర్పు ఇచ్చిన ప్యానెల్ అధ్యక్షుడు హమీద్ ఘరావి వేరే కేసుల్లో రొమేనియా ప్రభుత్వం తరఫున వాదించే లాయర్ అని బయటపడింది, ఈ రెండు కారణాలూ పట్టుకుని చైల్స్ 2024 సెప్టెంబర్‌లో స్విట్జర్లాండ్ సుప్రీంకోర్టుకి అప్పీల్ చేసింది. ఈ మధ్యలో ఆన్‌లైన్‌లో ఆ పిల్లని జాతి పేరుతో తిట్టిన తిట్లు, అవి ఇక్కడ రాయను. బర్బోసుని తిట్టినవాళ్లూ ఉన్నారు. ముగ్గురు పిల్లలూ తమ పని తాము చేశారు, గడియారం చూడాల్సిన పెద్దవాళ్లు చూడలేదు, శిక్ష పడింది మాత్రం పిల్లలకే, ఇందులో రెండో మాట లేదు.

ఇది చదువుతూ మన అరుణ గుర్తుకు రాకపోతే ఎలా. హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణారెడ్డి, చిన్నప్పుడు కరాటే, తర్వాత ఎల్బీ స్టేడియంలో జిమ్నాస్టిక్స్, 2018లో మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌లో వాల్ట్ మీద 13.649తో కాంస్యం, ప్రపంచ కప్‌లో వ్యక్తిగత మెడల్ గెలిచిన మొదటి భారతీయ జిమ్నాస్ట్. దానికి రెండేళ్ల ముందు త్రిపుర అమ్మాయి దీపా కర్మాకర్ రియోలో ప్రొడునోవా అనే చాలా ప్రమాదకరమైన వాల్ట్ దూకి 15.066తో నాలుగో స్థానంలో ఆగిపోయింది, కాంస్యానికి 0.15 తేడా. వీళ్ల ప్రతిభ గురించి నాకేం అనుమానం లేదు. కానీ జిమ్నాస్ట్ ఒళ్లు పదునెక్కే వయసు, మన దగ్గర ఇంటర్ ఎంపీసీ వయసు, రెండూ ఒకటే. పదహారేళ్ల పిల్లని మనం ఎక్కడ పెడతామో అందరికీ తెలుసు, ఉదయం ఐదింటికి స్టడీ అవర్. అక్కడ పదహారేళ్ల పిల్ల బీమ్ మీద కష్టపడితే యూనివర్సిటీ కోచ్ ఇంటికి వచ్చి ఫీజు, హాస్టల్, తిండి అన్నీ మావి అంటాడు. ఆడపిల్లల జిమ్నాస్టిక్స్‌కి చాలా ఏళ్లపాటు టాప్ డివిజన్‌లో ఒక్కో యూనివర్సిటీ 12 ఫుల్ స్కాలర్‌షిప్‌లు ఇచ్చేది, అలాంటివి అరవై పైచిలుకు యూనివర్సిటీలు. ఒలింపిక్ జట్టులో చోటు ఐదుగురికే, కానీ ఆ ఐదుగురి వెనక వందల మంది పిల్లలు ఆటలో మిగిలి ఉండడానికి కారణం ఈ స్కాలర్‌షిప్‌లే. ఇక్కడ ఆటకి అవతల కనబడేది స్పోర్ట్స్ కోటాలో రైల్వే ఉద్యోగం, అది కూడా మెడల్ వచ్చాక.

అమెరికాలో ఉన్న మనవాళ్లు, వీకెండ్ పిల్లల్ని జిమ్నాస్టిక్స్ క్లాసుకి తిప్పేవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లకి ఈ లెక్క నాకంటే బాగా తెలుసు. వాళ్లకే బాగా అర్థమయ్యే ఇంకో ముక్క చెప్తాను. ఎన్‌ఐఎల్ రూల్ అందరికీ ఒకటే అంటారు కానీ ఎఫ్-1 (స్టూడెంట్) వీసా మీద వచ్చిన ఆటగాళ్లకి అమెరికాలో యాడ్ చేసి డబ్బు తీసుకోవడం అంత ఈజీ కాదు, క్యాంపస్ బయట పని అంటే వీసాకే ఎసరు రావచ్చు. గ్యాస్ స్టేషన్‌లో దొంగచాటుగా పనిచేసే మన ఎంఎస్ కుర్రాడికి, ఒలింపిక్ మెడల్ ఉన్న విదేశీ అమ్మాయికి ఇమిగ్రేషన్ వాళ్ల దృష్టిలో తేడా ఏమీ లేదన్నమాట.

ఆ విదేశీ అమ్మాయి అని ఊరికే అనలేదు. చైల్స్ పేరు మీదనుంచి తీసేసిన కాంస్యం ఎవరికిచ్చారో ఆ ఆనా బర్బోసు కూడా అమెరికా కాలేజీ ఆటకే వచ్చింది, స్టాన్‌ఫోర్డ్ జట్టులో చేరింది. ఇంక ఆమెకి కూడా డీ స్కోరు లేదు, 10 నుంచి కోతలే, పక్కన ఐదుగురు అరుస్తూ. స్టాన్‌ఫోర్డ్ నుంచి యూసీఎల్‌ఏకి కారులో ఐదారు గంటలు.